జీపు వెనుక ఇరుసు నూనె: మార్చుట, మూత బిగించుట

ఎడ్లబండి కట్టు రైతు ఎవరును కందెన వేయక ప్రయాణము సాగింపడు. ఆముదములో గడ్డి మసి కలిపి ఇరుసు మొనలకు పట్టించి, ఆ తరువాతనే కాడి ఎత్తును. ఇరుసు కిరకిరలాడిన ఎద్దులకు బరువగునని అతనికి తెలియును. ఆ రైతే జీపు కొనిన తరువాత, వెనుక ఇరుసు నడుమ నున్న గుండ్రని ఇనుప పెట్టెలో నూనె కలదను సంగతి మరచిపోవుచున్నాడు. ఇంజను నూనె మార్పించును, టైర్లలో గాలి చూచును, రేడియేటరులో నీరు పోయును. వెనుక పెట్టెను మాత్రము అది పగులునంతవరకు విప్పి చూడడు.

జీపు మన పల్లెలకు క్రొత్తది కాదు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ప్రారంభమైన తరువాత బ్లాకు కార్యాలయముల జీపులు ఊరూర తిరిగినవి. సమితి జీపు వచ్చినదన్న పిల్లలు దాని వెంట పరుగెత్తెడివారని పెద్దలు ఇప్పటికిని చెప్పుకొందురు. ఆ విల్లీసు నమూనా బండినే మహీంద్రా వారు మన దేశమున అనేక సంవత్సరములు తయారు చేసిరి. అట్టి పాత బండ్లు కొన్ని నేటికిని కూరగాయలు, పాల క్యానులు, ఎరువు బస్తాలు మోయుచున్నవి. బురదలో, వాగులో, దున్నిన చేనిలో పోగలుగుట వాని గొప్ప. వెనుక పెట్టెకు ముప్పు వచ్చునదియు అక్కడనే.

మా చిన్నాయన గజ్వేలు ప్రాంతపు రైతు. టమాట, బెండ పండించి, జీపునకు చిన్న ట్రాలీ తగిలించి బోయినపల్లి మార్కెట్టునకు తెచ్చును. 2020లో కరోనా వలన తరగతులు మూతపడగా, అశోక్ నగర్‌లో అద్దె గదిలో ఉండి ఉద్యోగపు పరీక్షలకు చదువుచున్న తన కుమారుని సామాను తీసికొని పోవుటకు అక్టోబరు 13న జీపుతో వచ్చినాడు. అశోక్ నగర్, చిక్కడపల్లి సందులలో మన జిల్లాల పిల్లలు ఎందరో ఉందురు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయములో కుర్చీ దొరకుటకై ఉదయముననే వచ్చి కూర్చుందురు. నేనును అట్లు కూర్చున్నవాడనే. తల్లిదండ్రులు ఊరినుండి బియ్యము మూట, పచ్చడి సీసా తెచ్చి, రాత్రి గదిలో తలవాల్చి, మరునాడు తిరిగి పోవుట అక్కడ నిత్యము కనబడును. బండి మాత్రము సందులోనే నిలుచును.

ఆ రాత్రి కురిసిన వానను హైదరాబాదు మరువలేదు. ఒక్క దినములో నగరమున సుమారు 19 సెంటీమీటర్ల వర్షము పడినది. హుస్సేన్ సాగర్ మిగులు నీరు పోవు నాలా అశోక్ నగర్ ప్రక్కగానే పారును. 2000 ఆగస్టులో వచ్చిన పెద్దవానకు కూడ ఆ పరిసరములు మునిగినవి. ఈ మారు జీపు చక్రములు సగమునకు పైగా నీటిలో నుండి, ఇరుసు పూర్తిగా మునిగినది. నీరు తీసిన తరువాత చిన్నాయన ఇంజను నూనె పుల్ల తీసి చూచినాడు, గాలి వడపోత విప్పి చూచినాడు, బ్రేకులు ఆరబెట్టినాడు. అన్నియు బాగుగానే ఉన్నవని సామాను ఎక్కించుకొని ఊరికి పోయినాడు. వెనుక పెట్టెను ఎవరును తలచలేదు. బి.యస్సీ.లో వ్యవసాయ యంత్రముల పాఠము చదివిన నేనును తలచలేదు.

నవంబరులో పెట్టె మూత అంచున నూనె కారుట మొదలైనది. దగ్గరి పట్టణములో ఒక షెడ్డున చూపించిరి. మొదటి మారు పైపైన తుడిచి పేస్టు పూసిరి. అది వారము నిలువలేదు. రెండవ మారు మూత విప్పి దట్టముగా పూసి బిగించిరి. మూడవ మారు పాత పూత మీదనే క్రొత్త పూత వేసిరి. ప్రతి మారు తగ్గిన మేరకు నూనె పోసిరే గాని లోపలి నూనెను పూర్తిగా తీయలేదు. డిసెంబరులో బండి వేగమందుకొనగానే వెనుకనుండి సన్నని కూత వినవచ్చినది. 2021 జనవరిలో టమాట పెట్టెలతో వచ్చుచుండగా శామీర్‌పేట దగ్గర పెద్ద చప్పుడై బండి నిలిచిపోయినది. పెట్టెలను వేరొక బండిలోనికి మార్చి బోయినపల్లి చేర్చునప్పటికి ఉదయపు వేలము ముగిసినది. మిగిలిన గిరాకికి అమ్మగా వచ్చిన సొమ్ము కోత కూలికి చాలలేదు.

చిక్కడపల్లి నుండి నారాయణగూడ వైపు పోవు ఒక సందులో నాకు చదువుకొను కాలమునుండి ఎరుకైన ముసలి మేస్త్రి ఒకరు ఉండిరి. అందరును వారిని ఉస్తాద్ అందురు. జీపును లాగించి వారి వద్దకు చేర్చితిమి. వారు మూత జోలికి పోలేదు. బండి క్రింద దూరి, ఇరుసు పైభాగమును చేతితో తడిమి, అక్కడి చిన్న ఇత్తడి టోపీని విప్పి తెచ్చి చూపిరి. దాని రంధ్రము ఎండిన బురదతో బిగిసిపోయి యున్నది.

"మూడు సార్లు పూసిచ్చిన గద ఉస్తాద్" అని చిన్నాయన మొరపెట్టుకొనగా వారన్నారు: "పెద్దాయనా, పేస్టు తప్పు గాదు. దీని ముక్కు మూసుకపోయింది. ముక్కు మూస్తె నోటికెళ్లి ఊపిరి రాదా?"

ఆ ముక్కునే మెకానికులు బ్రీదరు అందురు. దాని సంగతి చెప్పుటకు ముందు పెట్టెలో నేమున్నదో తెలిసికొనవలెను.

కళ్ళములో ఎడ్లను వరుసగా కట్టి బంతి తిప్పునపుడు నడిమి గుంజకు దగ్గరనున్న ఎద్దు కొంచెము దూరమే నడచును. అంచున నున్న ఎద్దు పెద్ద చుట్టు తిరుగవలెను గనుక త్వరగా నడచును. జీపు మలుపు తిరుగునపుడు వెనుక చక్రములకును ఇదే స్థితి. లోపలి చక్రము మెల్లగను, వెలుపలి చక్రము వేగముగను తిరుగనిచ్చుచునే రెంటికిని ఇంజను బలము నందించు పండ్ల చక్రముల కూర్పునకే డిఫరెన్షియలు అని పేరు. ఇంజను వైపునుండి వచ్చు పొడుగు షాఫ్టు కొనను పినియను అను చిన్న పండ్ల చక్రము, దానితో కలియు క్రౌను అను పెద్ద పండ్ల చక్రము ఇందులో ముఖ్యములు. ఈ రెండు చక్రముల పండ్లు ఏటవాలుగా ఉండి, ఒకదానిమీద ఒకటి దొర్లుటయే గాక జారుచు రాచుకొనును. బరువంతయు సన్నని గీతవంటి చోట పడును. మామూలు నూనె ఆ ఒత్తిడికి నలిగి ప్రక్కకు పోవును. అందుచేతనే గంధకము, భాస్వరము గల మందులు కలిపిన ప్రత్యేక గేరు నూనె వాడుదురు. ఆ మందు పండ్లపై పలుచని పొర కట్టి ఇనుము ఇనుమును తాకకుండ కాపాడును.

నీరు చేరినచో ఆ పొర నిలువదు. బేరింగు ఉండలమీద తుప్పు చుక్కలు ఏర్పడును. ఆ చుక్కలు గుంటలగును. గుంటలుపడిన బేరింగు పినియనును తన చోట నిలుపలేదు. పినియను కదిలినకొలది పండ్లు సరిగా కలియక కూత పెట్టును, చివరకు విరుగును. చిన్నాయన జీపులో జరిగినది ఇదియే. మూత విప్పగా నూనె పాలు కలిపిన టీవలె ఉన్నది. క్రౌను పండ్లు రెండు విరిగి అడుగున పడియున్నవి. క్రౌను పినియను జత, బేరింగులు, సీళ్ళు, కూలి కలిపి ఇరువది వేల రూపాయలకు పైగా అయినది. అక్టోబరులోనే నూనె మార్చియున్న లీటరుంబావు నూనెతో పోవును.

ఇక బ్రీదరు. బండి నడచినపుడు పెట్టె వేడెక్కును, లోపలి గాలి వ్యాకోచించును. ఆ గాలి వెలుపలికి పోవుటకు ఇరుసు పైన చిన్న దారి ఉంచిరి. అది మూసికొనిపోయిన, గాలి సీళ్ళనుండియు మూత అంచునుండియు నూనెను నెట్టుకొని వచ్చును. ఎంత మంచి పేస్టు పూసినను ఆ ఒత్తిడికి ఎక్కడో ఒకచోట దారి ఇచ్చును. దీనికి ఎదురు సంగతి కూడ కలదు. వేడి గాజుగ్లాసును నీటిపై బోర్లించినచో అది చల్లారుకొలది నీరు లోపలికి ఎక్కును. వేడిగా నున్న ఇరుసుతో వాగులో దిగినపుడు కూడ ఇట్లే పెట్టెలోని గాలి ముడుచుకొని, దొరికిన సందునుండి నీటిని పీల్చును. కావున వాగు దాటుటకు ముందు కొంతసేపు బండిని ఆపి ఇరుసును చల్లారనిచ్చుట మేలు. నిత్యము నీటిలో పోవు బండ్లకు బ్రీదరు స్థానమున రబ్బరు గొట్టము తగిలించి, దాని కొనను ఛాసీపైన ఎత్తుగా కట్టుట ఇంకను మంచిది. ఉస్తాద్ మా బండికి అట్లే చేసిరి. దానికైన ఖర్చు చెప్పదగినంత లేదు.

మీ బండి నీటిలో నిలిచినదని తెలిసిన, దానిని నడపక నిలిచినచోటనే పరీక్షించుడు. నీరు నూనెకన్న బరువు గనుక కదలని బండిలో అది అడుగున చేరియుండును. అడుగు బిరడాను కొంచెము వదులు చేయగా మొదట నీరే చుక్కలుగా వచ్చును. అడుగు బిరడా లేని ఇరుసులలో మూత క్రింది బోల్టులు రెండు వదులు చేసి చూడవచ్చును. ఒకసారి నడిపినచో నీరు నూనెలో చిలుకబడి పోవును. అప్పుడు రంగుచేతనే గుర్తింపవలెను. సందేహమున్నచో ఒక్క చుక్క నూనెను వేడి పెనముపై వేయుడు. నీరున్న చిటపటలాడును. ముఖము దూరముగా నుంచుకొనుడు, ఆ పెనమును మరల వంటింటికి పంపకుడు.

నీటి గొడవ లేక వేళకు మార్చునపుడు మాత్రము నాలుగైదు కిలోమీటర్లు నడిపి, నూనె గోరువెచ్చనైన తరువాత తీయవలెను. పలుచబడిన నూనె మడ్డితో కూడ వచ్చును. బండిని చదునైన నేలపై నిలిపి చక్రములకు ముందు వెనుకల రాళ్ళు అడ్డము పెట్టుడు. ఇచ్చట ఒక హెచ్చరిక ముఖ్యము. పాత విల్లీసు రకపు జీపులలో చేతి బ్రేకు చక్రములమీద గాక, వెనుక షాఫ్టు మొదట నున్న డ్రమ్ముమీద పట్టును. వెనుక చక్రమొకటి జాకీతో లేపగానే, పైన చెప్పిన డిఫరెన్షియలు గుణముచేత నేలమీది చక్రము దొర్లగలదు. బ్రేకు వేసితినన్న ధైర్యముతో బండి క్రింద దూరరాదు.

నూనె తీయుటకు ముందు, నూనె పోయు పై బిరడా ఊడునో లేదో చూడవలెను. చాలమంది మొదట అడుగునుండి నూనె వదిలి, తరువాత పై బిరడా తుప్పుతో బిగిసి యుండుట కనుగొని, నూనె లేని బండితో చిక్కుకొందురు. పై బిరడా వచ్చిన తరువాతనే క్రింద బేసిను పెట్టవలెను. డానా 44 రకపు వెనుక ఇరుసునకు మూత పది బోల్టులతో బిగించి యుండును. క్రింది బోల్టులు మొదట తీసి, పై రెండు బోల్టులను పూర్తిగా తీయక వదులుగా ఉంచుడు. అట్లుంచనిచో మూత నూనెతో సహా ముఖముమీద పడగలదు. మూత అంటుకొని యున్న అంచున చెక్క సుత్తితో తట్టుడు. స్క్రూడ్రైవరు దూర్చి లేపినచో అంచు గీతలు పడి, ఆ గీతలగుండ నూనె కారును.

బిరడాకు అయస్కాంతమున్న దానిని చూడుడు. బూడిదరంగు మెత్తని పేస్టు అంటియుండుట సహజము. గోటికి తగులు పెచ్చులు, సూదులవంటి ముక్కలు ఉన్నచో క్రౌనును చేతితో త్రిప్పుచు ఒక్కొక్క పన్ను పరీక్షింపవలెను. లోపలి భాగమును పీచు ఊడని శుభ్రమైన గుడ్డతో తుడువుడు. నీటితో గాని సబ్బుతో గాని కడుగరాదు.

మూత బిగించుట ఈ పనిలో అసలైన మెలకువ. ఇక్కడ ఉస్తాద్ ఒక పూటంతయు గడపిరి. ముందు పాత పేస్టునంతయు మొద్దు కత్తితో గీకి తీసిరి. పెట్టె అంచును గీకునపుడు పొడి లోపల పడకుండ గుడ్డ కప్పిరి. ఉప్పు కాగితము మూతకు మాత్రమే, అదియును దూరముగా తీసికొనిపోయి వాడిరి. ఆ ఇసుక రేణువు ఒకటి బేరింగులో పడిన చాలును. తరువాత మూతను చదునైన అద్దపు పలకపై బోర్లించి చుట్టును చూచిరి. వెనుక బిగించినవారు బలము కొలది బిగించుటచేత బోల్టు రంధ్రముల చుట్టు రేకు లోపలికి గుంటపడియున్నది. రంధ్రమువద్ద వంగిన రేకు రెండు రంధ్రముల నడుమ పైకి లేచును. నూనె కారునది ఆ లేచిన చోటనే. దిమ్మెపై పెట్టి ఒక్కొక్క రంధ్రము చుట్టును మెల్లగా తట్టి సమము చేసిరి.

పిమ్మట మూత పెట్టక ఆ రాత్రి వదలివేసిరి. ఎందుకని అడిగితిని. పెట్టె క్రింది పెదవి తుడిచిన కొలది లోపలి గోడలనుండి నూనె సన్నగా జారి దానిని తడుపుచునే ఉండును. నూనె తడి మీద ఏ పేస్టును పట్టదు. మరునాడు ఉదయము ఆ పెదవిని పెట్రోలు అద్దిన గుడ్డతో తుడిచి, వ్రేలితో రాచి చూచి, పొడిగా నున్నదని నమ్మకము కలిగిన తరువాతనే ట్యూబు విప్పిరి. పెట్రోలు వాడునపుడు దగ్గర బీడీ కాల్చువారు ఉండరాదు.

నూనెకు ఓర్చునని ట్యూబుపై వ్రాసియున్న సిలికాను పేస్టునే కొనుడు. కిటికీ అద్దములకు, నీటి తొట్లకు వాడునది ఇక్కడ పనికిరాదు. మూత అంచుమీద మూడు నాలుగు మిల్లీమీటర్ల లావు గల ఒక్క తెగని ధారగా, బోల్టు రంధ్రములకు లోపలి వైపుగా పోనిచ్చి, ప్రతి రంధ్రమును చుట్టి రావలెను. దట్టముగా పూసిన మంచిదనుకొనుట పొరపాటు. మిగిలిన పేస్టు లోపలికి పొంగి, గట్టిపడి, ఊడి, పినియను బేరింగునకు నూనె పోవు కాలువలో అడ్డుపడును. మా బండిలో అట్టి ముద్దలు మూడు దొరికినవి. మూత పెట్టి బోల్టులను వ్రేళ్ళతో తగులునంతవరకే త్రిప్పి, ట్యూబుపై చెప్పినంతసేపు ఆగి, తరువాత ఎదురెదురు బోల్టులను మార్చి మార్చి బిగింపవలెను. ఈ మూత బోల్టులకు సుమారు 4 కిలోగ్రాము మీటర్ల బిగింపు చాలును. కొలత పానా లేనివారు పొట్టి రింగు పానాతో, గొట్టము తొడుగక, ఒక చేతి బలముతో బిగింపవచ్చును. కాగితపు గాస్కెటు వాడదలచినవారు దానినే వాడుడు. కాగితము, సిలికాను రెండును కలిపి పెట్టినచో జారి నలుగును. పేస్టు పూర్తిగా ఆరుటకు ఒక దినము ఇచ్చి నూనె పోయుట ఉత్తమము.

నూనె డబ్బాపై జి.ఎల్. 5 అనియు, 80 డబ్ల్యు 90 లేక ఇ.పి. 90 అనియు చూచి తీసికొనుడు. పాత విల్లీసు పుస్తకము ప్రకారము ముందు ఇరుసునకు, వెనుక ఇరుసునకు ఒక్కొక్కదానికి సుమారు 1.2 లీటర్లు పట్టును. ఇతర బండ్లకు వాని చేతి పుస్తకమే ప్రమాణము. పై రంధ్రపు క్రింది అంచు తాకువరకు పోసి ఆపవలెను. ఎక్కువ పోసినది ఇరుసు గొట్టములగుండ పోయి బ్రేకు డ్రమ్ములలో చేరును, బ్రేకు పట్టదు. నాలుగు చక్రములకును బలమిచ్చు బండిలో ముందు ఇరుసునందును ఇట్టి పెట్టె ఒకటి కలదని మరువకుడు. వెనుకది మార్పించినవారిలో సగముమంది ముందుదానిని వదలివేయుట నేను చూచుచునే యున్నాను.

ట్రాక్టరు గల రైతులు ఈ నూనెను అందులో పోయరాదు. అనేక ట్రాక్టర్లలో గేరుపెట్టె, వెనుక ఇరుసు, హైడ్రాలిక్కు మూడింటికిని ఒకే నూనె తిరుగును. దానికి కంపెనీ చెప్పిన వేరు నూనె కలదు. అట్లే జీపు గేరుపెట్టెలో ఇత్తడి రింగులు ఉండును. జి.ఎల్. 5 నూనెలు కొన్ని వానిని తినివేయును. గేరుపెట్టెకు ఏది పోయవలెనో పుస్తకములో చూడకుండ, మిగిలినది కదా అని పోయకుడు.

తీసిన పాత నూనెను కాలువగట్టున గాని బావివద్ద గాని పారబోయకుడు. ఎద్దుల పుండ్లకు రాచు అలవాటు కొన్నిచోట్ల కలదు, అదియు తగదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నియమములలో వాడిన నూనె చేరియున్నది. మూతగల డబ్బాలో పోసి, అనుమతి గల కొనుగోలుదారునకు చేర్చు వర్కుషాపులో ఇచ్చివేయుడు. ప్రభుత్వ బండ్ల బాధ్యత గల గ్రామ, మండలాధికారులు నూనె మార్చిన తేదీతోపాటు బండి నీటిలో దిగిన తేదీని కూడ లాగు పుస్తకములో వ్రాయించవలెనని నా సలహా. మొదటిది అందరును వ్రాయుదురు, రెండవది నేనింతవరకు ఒక్క పుస్తకములోను చూడలేదు.

క్రొత్త మూత బిగించిన వంద కిలోమీటర్ల తరువాత చిన్నాయన బండిని తెచ్చి చూపినాడు. ఉస్తాద్ మూత క్రింది అంచున తెల్ల కాగితము రాచి చూచిరి. కాగితము పొడిగానే వచ్చినది. అయినను బ్రీదరు గొట్టపు కొనను నోటితో ఊది, గాలి ఆడుచున్నదని తెలిసికొనిన తరువాతనే బండిని పంపిరి.